చేతిలో పాట నంబరు లేకుండా: మాంటెరే కార్ల వేలంలో నాలుగు రోజులు

ఆగస్టు 14, బుధవారం: 101 మీద ఒక తప్పు

ఏటా ఆగస్టు మూడో ఆదివారంతో ముగిసే వారం కాలిఫోర్నియాలోని మాంటెరే చుట్టుపక్కల పాత కార్ల జాతర జరుగుతుంది. 1950లో పెబుల్ బీచ్‌లో మొదలైన కాంకూర్, అంటే పాత కార్ల అందాల పోటీ, ఈ జాతరకి మూలవిరాట్టు. రేసులు, షోలు, వేలంపాటలు అన్నీ దాని చుట్టూ వెలిసిన కొట్లు. 2024లో అయిదు పెద్ద కంపెనీలు పాట పెట్టాయి. ఆర్ఎం సదబీస్ ఊరి నడిబొడ్డున కాన్ఫరెన్స్ సెంటర్లో, గూడింగ్ పెబుల్ బీచ్‌లోని గుర్రాల మైదానంలో, మీకమ్ డెల్ మాంటే గోల్ఫ్ కోర్సు మీద, బోనమ్స్ కార్మెల్ వ్యాలీలో, బ్రాడ్ యారో విమానాశ్రయం పక్కన.

సన్నీవేల్, ఫ్రీమాంట్ తెలుగువాళ్లకి ఇది కొత్త ఊరేం కాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి అక్వేరియం చూపించడానికి అందరూ ఒకసారైనా వెళ్లిన ఊరే. ఈ వారం మాత్రం ట్రాఫిక్‌కి జడిసి అటు తొంగిచూడరు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు వెళ్లాల్సింది సరిగ్గా ఈ వారమే.

శాన్ హోజే నుంచి డెబ్బై అయిదు మైళ్లు, మొదట 101 హైవే మీద. గిల్‌రాయ్ దగ్గర అద్దం దించితే వెల్లుల్లి వాసన లోపలికొస్తుంది. ఆ తర్వాత ప్రూన్‌డేల్‌లో 156 వైపు తిరగాలి. మాటల్లో పడి ఆ మలుపు దాటేస్తే సలీనాస్ దాకా పోయి 68 పట్టుకోవాలి. అది చాలాచోట్ల అటొక వరస ఇటొక వరస ఉన్న రోడ్డు, పైగా లగూనా సేకా రేస్ ట్రాక్ గేటు దాని మీదే ఉంది. మేం దాటేశాం. కార్లని మోసుకెళ్తున్న ట్రైలర్ల వెనక బారులో నిలబడి, అరగంట దారికి గంటన్నర పోసుకున్నాం.

గదుల గురించి ఒక్క మాట చాలు: ఊళ్లో అద్దెలు మామూలు రోజులకి రెండింతలు, మూడింతలు. సలీనాస్‌లోనో మరీనాలోనో దిగడం మేలు. ఆగస్టు కదా అని టీషర్టుతో దిగితే పొద్దున పదమూడు డిగ్రీల మంచు పొగలో వణకాలి. మధ్యాహ్నం అదే ఎండకి మెడ కమిలిపోతుంది. స్వెట్టరూ టోపీ రెండూ కావాలి. ఇంటి నుంచి రెండు డబ్బాల పులిహోర తెచ్చుకున్నవాళ్లకి నాలుగు రోజుల్లో వంద డాలర్లైనా మిగులుతాయి.

ఆగస్టు 15, గురువారం: పొగ చదవడం

పొద్దున్నే పెబుల్ బీచ్ పోర్టోలా రోడ్డు. ఆదివారం కాంకూర్‌లో నిలబడబోయే కార్లు గురువారం రోడ్డెక్కి తిరుగుతాయి. దీన్ని టూర్ డెలెగాన్స్ అంటారు. చూడ్డానికి టికెట్టు లేదు. 17 మైల్ డ్రైవ్ గేటు దగ్గర 2024లో కారుకి పన్నెండు డాలర్ల దాకా తీసుకున్నారు, అంతే. ఆదివారం ఏదైనా విభాగంలో రెండు కార్లకి మార్కులు సమానంగా వస్తే, ఈ టూర్ పూర్తి చేసిన కారుకే మొగ్గు. అందుకే కోట్ల కార్లు కూడా తిరుగుతాయి, మధ్యలో ఆగిపోతాయి కూడా.

వేలానికి వెళ్లేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడానికి కారణం వేరే ఉంది. వేలం గుడారంలో ఇంజన్ మాట వినే అవకాశం తక్కువ. ఇక్కడ ఒకదాని వెనక ఒకటి స్టార్టు చేస్తారు. సైలెన్సరు దగ్గర నిలబడితే చాలు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది: స్టార్టు చేసిన క్షణం మాత్రమే వస్తే వాల్వ్ గైడ్లో సీళ్లో, బరువు మీద ఎక్కుతున్నప్పుడు కూడా వస్తే పిస్టన్ రింగుల మీద అనుమానం. నల్ల పొగ పెట్రోలు ఎక్కువైందని చెబుతుంది, చోక్ లాగి ఉంచిన చల్లటి ఇంజన్‌కి అది మామూలే. తెల్లటి పొగ మంచు పూట అందరికీ వస్తుంది. ఇంజన్ వేడెక్కాక కూడా తగ్గకుండా, కాస్త తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంటు (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) లోపలికి దిగుతోందన్నమాట.

మధ్యాహ్నం మీకమ్. అయిదు వేలాల్లో మొదటిసారి వెళ్లేవాళ్లకి తగిన చోటు ఇదే. ఎవరైనా టికెట్టు కొనుక్కుని వెళ్లొచ్చు, కార్లు గడ్డి మీదా గుడారాల్లోనూ మన మోకాళ్లకి తగిలేంత దగ్గరగా ఉంటాయి. అద్దం మీద కార్డు చూడండి. నంబరు ముందున్న అక్షరం ఏ రోజు పాటకి వస్తుందో చెబుతుంది: గురువారానికి టీ, శుక్రవారానికి ఎఫ్, శనివారానికి ఎస్. ఆ సంగతి తెలియక శనివారం కారు కోసం గురువారమంతా వేదిక ముందు కూర్చున్న కుటుంబం ఒకటి మా పక్కనే ఉంది. పిల్లాడు నిద్రపోయాడు కూడా.

పాట నడిపే ఆయన మాటలు మొదటి పది నిమిషాలు అర్థం కావు. అర్థం చేసుకోనక్కర్లేదు. మాటల మధ్య వినపడే రెండు అంకెలు పట్టుకుంటే చాలు: ఒకటి ఇప్పుడు చేతిలో ఉన్న పాట, రెండోది ఆయన అడుగుతున్నది. కింద నడవాల్లో తిరిగే రింగ్‌మెన్ ఎవరైనా తల ఊపగానే చెయ్యెత్తి గట్టిగా అరుస్తారు. వాళ్లలో ఒకాయన పెద్ద టోపీవాలా కుర్చీ పక్కన మోకాలు మీద కూర్చుని, భుజం మీద చెయ్యేసి, పెళ్లిచూపుల్లో మధ్యవర్తిలా చెవిలో నచ్చజెబుతున్నాడు. టోపీవాలా భార్య తల అడ్డంగా ఊపింది. కారు పక్కవాడికి పోయింది. ఒక్కో కారుకి రెండు మూడు నిమిషాలు, అంతే.

ముక్కు గోక్కుంటే కారు అంటగడతారన్న కథ నమ్మొద్దు. రిజిస్టరు చేసుకుని నంబరు పుచ్చుకోనివాడి పాట చెల్లదు. అయితే పాడేవాడికీ రింగ్‌మన్‌కీ మధ్య నడవాలో నిలబడి ఫొటోలు తీసుకోవడం మాత్రం ఇక్కడ మహాపాపం.

రాత్రి ఫిషర్‌మెన్స్ వార్ఫ్. దుకాణాల ముందు చిన్న కాగితం కప్పుల్లో క్లామ్ చౌడర్ అనే చిక్కటి సూప్ రుచి చూపిస్తారు. చివరిదాకా నడిచేసరికి ఆరు కప్పులు అవుతాయి. తినేవాళ్లకి, పుల్ల రొట్టెని గిన్నెలా తొలిచి అందులో పోసిచ్చేది బావుంటుంది. శాకాహారులు జాగ్రత్త: అందులో గుల్ల మాంసంతోపాటు తరచు పంది మాంసం ముక్కలు కూడా పడతాయి.

ఆగస్టు 16, శుక్రవారం: గుడారంలో నాలుగు గంటలు

మొత్తం ప్రయాణానికి ఇదే అసలు రోజు. పాట రోజున జనం, కెమెరాలు, అరుపులు. పాటకి ముందు కార్లు చూపించే ప్రివ్యూలో కారూ మనమూ. పొగాకు వేలం కేంద్రంలో పాతకాలపు వ్యాపారులు బేలు విప్పి ఆకు వేళ్ల మధ్య నలిపి చూసేవాళ్లే, ఇదీ అలాంటిదే. ఒక్కటే తేడా, ఇక్కడ ముట్టుకోకూడదు. బెల్టు బకిల్ రంగుకి గీసుకుంటుంది కాబట్టి చొక్కాని బెల్టు మీదికి వదిలెయ్యాలి, బ్యాగు వీపు మీంచి ముందుకి మార్చుకోవాలి. తలుపు తెరవడం, బానెట్ ఎత్తడం కంపెనీ మనిషి పని. గూడింగ్‌లో పొద్దున్నే వెళ్లి మర్యాదగా అడిగితే, చేతిలో నంబరు లేదని తెలిసి కూడా ఎత్తి చూపించారు. పదకొండు దాటాక అడగడం అన్యాయం. అప్పుడు కొనేవాళ్లు వస్తారు.

గూడింగ్ గుడారం పైనుంచి వెలుతురు సమంగా పడుతుంది, అది మన అదృష్టం. కారు మూల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, పైదీపాల ప్రతిబింబం తలుపు మీదుగా వెనక చక్రం దాకా ఎలా పారుతోందో చూడాలి. గీత తిన్నగా పారితే రేకు మంచిది. నీళ్లలో తాడులా వంకర్లు పోతే కింద పుట్టీ ఉంది. ఆ తర్వాత తలుపు చుట్టూ సందు చూడాలి. పైన మూడు మిల్లీమీటర్లుండి కింద ఆరుంటే తలుపు వాలింది, లేదా ఎప్పుడో దెబ్బ తగిలి సరిచేశారు. బానెట్ కీలు బోల్టుల తలల మీద రంగు పగిలి ఉంటే దాన్ని ఎవరో విప్పారు. దాంట్లో తప్పేం లేదు. కేటలాగు మాత్రం "విప్పని కారు" అంటే అడగాల్సిన ప్రశ్న అదే.

టైరు పక్కన ఓవల్ గీతలో నాలుగంకెలుంటాయి. 1909 అంటే 2009లో పంతొమ్మిదో వారం. గాట్లు ఎంత లోతున్నా పదేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది. నడిపే కారు అని రాసి పదిహేనేళ్ల టైర్లుంటే ఆ కారు నడవడం లేదని అర్థం. మీటరు ఇరవై వేల మైళ్లు చూపిస్తుంటే క్లచ్ పెడల్ రబ్బరు చూడండి. అరిగి ఇనుము కనిపిస్తే ఆ అంకెకి ముందు ఇంకో అంకె ఉండి ఉండాలి. పెడల్ రబ్బరు మరీ కొత్తగా మెరుస్తున్నా అదే అనుమానం.

నంబర్ల సంగతి. పాత పోర్షె 911లో ఛాసిస్ నంబరు ముందు డిక్కీలో ఉంటుంది, ఇంజన్ నంబరు కూలింగ్ ఫ్యాన్ పక్కన నిలువు పట్టీ మీద కొడతారు. ఫ్యాక్టరీ కొట్టిన అంకెలు ఒకే లోతులో, ఒకే తీరులో ఉంటాయి, చుట్టూ లోహం ఫ్యాక్టరీ గరుకుతోనే ఉంటుంది. చుట్టూ రుద్దిన నున్నదనం కనిపిస్తే అక్కడ పాత నంబరు ఒకటి ఉండేదన్నమాట. సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి వాలుగా వేస్తేనే ఇది తెలుస్తుంది, ఎదురుగా వేస్తే తెలియదు.

మెర్సిడెస్ 300ఎస్ఎల్ గల్‌వింగ్ దగ్గర ఎప్పుడూ గుంపే. 1954 నుంచి 1957 దాకా చేసినవి 1,400. తలుపులు రెక్కల్లా పైకి లేస్తాయి, లోపలికి దూరడానికి వీలుగా స్టీరింగు చక్రం కిందికి వంగుతుంది. జనం దాన్నే ఫొటో తీస్తారు. చూడాల్సింది ఇంకొకటి. దీని మెకానికల్ ఇంజెక్షన్ పంపు, ఇగ్నిషన్ కట్టేశాక కూడా ఇంజన్ పూర్తిగా ఆగేదాకా సిలిండర్లలోకి పెట్రోలు కొడుతూనే ఉంటుంది. కాలని ఆ పెట్రోలు గోడలంట జారి ఆయిల్లో కలుస్తుంది. దూరం నడిస్తే వేడికి ఆవిరైపోతుంది. వేలం వారంలో ఈ కార్లు చేసే ప్రయాణమల్లా ట్రైలర్ నుంచి గుడారానికి, గుడారం నుంచి వేదికకి. యాభై అడుగులు, ఆపు, మళ్లీ యాభై అడుగులు. కంపెనీ కుర్రాడు డిప్‌స్టిక్ తీసి గుడ్డకి తుడుస్తుంటే పక్కనున్నవాళ్లందరికీ పెట్రోలు వాసనే. "ఇంటికెళ్లగానే ఆయిల్ మార్చండి" అని అతనే ఒక కొనుగోలుదారుకి చెబుతున్నాడు.

కార్బ్యురేటర్ కార్లకీ ఇదే గతి. చల్లటి ఇంజన్‌ని పదిసార్లు స్టార్టు చేసి ఆపితే ప్లగ్గులు మసిపట్టి తడుస్తాయి, బ్యాటరీ దిగిపోతుంది. అందుకే వేదిక మీదికి కోటి డాలర్ల కారుని ఆరుగురు నెట్టుకొస్తే కారు పాడైందని అనుకోవద్దు. స్టార్టు చేసి చూపించిన కారు గొప్పదనీ అనుకోవద్దు.

సాయంత్రం మాంటెరేలో ఆర్ఎం హాలు బయట. లోపల కుర్చీలు పాటదార్లకి. టికెట్టు నిబంధనలు ఏటా మారతాయి, చూసుకుని వెళ్లాలి. పైసా ఖర్చు లేని పద్ధతి ఇంకొకటుంది. హోటల్ పక్కన కార్లు వచ్చిపోయే దారి దగ్గర నిలబడి, ఫోన్లో ప్రత్యక్ష ప్రసారం పెట్టుకోవడమే. కారు మన ముందునుంచి లోపలికెళ్తుంది, కాసేపటికి ధర చెవిలో వినపడుతుంది, ఇంకాసేపటికి అదే కారు వెనక్కొస్తుంది. అక్కడ మడత కుర్చీలతో వచ్చిన ముసలాయనల బృందం ఒకటి థర్మాస్‌లో కాఫీ పోసుకుంటూ, ప్రతి కారుకీ ధర ముందే చెప్పి డాలరు పందెం కాస్తున్నారు. కార్ల కంటే వాళ్ల మాటల్లోనే ఎక్కువ నేర్చుకోవచ్చు. తింటూ నిలబడితే ఒక కుర్చీ మనవైపు జరుపుతారు కూడా. పులిహోర ఒక చెంచాడు రుచి చూసి, పసుపు రంగు దేనివల్ల వచ్చిందని అడిగారు.

ఆగస్టు 17, శనివారం: సుత్తి ధర, చెక్కు ధర

పొద్దున సీసైడ్ ఊళ్లో కాంకూర్ డి లెమన్స్. తుప్పు పట్టినవి, నవ్వు పుట్టించేవి, ఎవరికీ అక్కర్లేని కార్ల పోటీ, చూడ్డానికి ఉచితం. గంట చాలు. గూడింగ్ గుడారంలో పెరిగిన మర్యాద మొత్తం అక్కడ దిగిపోతుంది. తర్వాత కార్మెల్ మీదుగా వెళ్దామనుకునేవాళ్లకి హెచ్చరిక: 2024 నాటికి ఆ ఊళ్లో ఇళ్లకి నంబర్లు లేవు. ఫలానా వీధి, ఫలానా మూల నుంచి మూడో ఇల్లు అని చెప్పుకునేవాళ్లు. మ్యాప్‌ని నమ్ముకున్నవాళ్లు ఒకే చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగేవాళ్లు.

మధ్యాహ్నం గూడింగ్ పాట. ఇక్కడ అరుపులు లేవు. వేదిక మీద చార్లీ రాస్, ఆంగ్లేయుడి వెటకారంతో, పాడేవాళ్లని పేరు పెట్టకుండానే ఆటపట్టిస్తూ నడిపించాడు. మనకి అలవాటైన "ఒకటోసారి, రెండోసారి" లెక్క వినపడదు. "ఫెయిర్ వార్నింగ్" అని ఒక్క మాట, ఆపైన సుత్తి.

చూసేవాడికి అసలు ఆట రిజర్వ్ దగ్గరుంది. అమ్మేవాడు ఇంతకు తక్కువైతే ఇవ్వనని రహస్యంగా రాసిచ్చిన అంకె అది. ఆ అంకె చేరేదాకా అమ్మేవాడి తరఫున తానే పాడే హక్కు పాట నడిపేవాడికి ఉంటుంది, షరతుల్లో చిన్నక్షరాల్లో రాసే ఉంటుంది. కాబట్టి మొదట్లో వినపడే పాటలన్నీ మనుషులవి కావు. నిజంగా చెయ్యెత్తినవాడు ఒక్కడే ఉంటే, నడిపేవాడి చూపు అతని మీదా, గుడారం వెనక గోడ మీదా మార్చి మార్చి పడుతుంది. "ఇక అమ్ముతున్నాను" అన్న మాట రాగానే కథ మారుతుంది. అక్కడినుంచి ప్రతి పాటా ఒక మనిషిది. పుస్తకంలో ఆ మాట ఏ అంకె దగ్గర వచ్చిందో రాసుకుంటే రిజర్వ్ ఎంతో దాదాపు తెలిసిపోతుంది. ఆ మాట రాకుండా సుత్తి పడితే కారు అమ్ముడుపోలేదు. జనం చప్పట్లు కొట్టినా సరే.

బాలాపూర్ లడ్డూ వేలంలో ఇలాంటి మడతపేచీలుండవు. 1994లో 450 రూపాయలతో మొదలైన పాట 2023లో 27 లక్షలకి చేరింది. ఎంత పాడితే అంతే కడతారు. ఇక్కడ పాడిన దాని మీద, అంటే సుత్తి ధర మీద, కంపెనీ కమీషన్ కలుస్తుంది. ఈ వారం ఆర్ఎం, గూడింగ్ రెండింట్లోనూ మొదటి రెండున్నర లక్షల డాలర్ల మీద 12 శాతం, ఆపైన 10 శాతం. పేపర్లలో వచ్చేది కమీషన్ కలిసిన ధర. గుడారంలో విన్నదీ మర్నాడు చదివిందీ సరిపోక తికమకపడేది అందుకే.

వెనక్కి లెక్క కట్టడం సులువు. ప్రచురించిన ధర 2,80,000 డాలర్ల లోపైతే 1.12తో భాగించాలి. పైనైతే ముందు 5,000 తీసేసి, మిగిలినదాన్ని 1.1తో భాగించాలి. ఈ వారం ఆర్ఎంలో 1960 ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్, మొత్తం 56 మాత్రమే చేసిన పొట్టి చట్రపు రకం, 1,70,55,000 డాలర్లకి పోయింది. లెక్క కడితే సుత్తి పడింది కోటీ యాభై అయిదు లక్షల దగ్గర. గూడింగ్‌లో 1938 ఆల్ఫా రోమియో 8సీ 2900బీ ధర 1,40,30,000. సుత్తి ధర కోటీ ఇరవై ఏడున్నర లక్షలు. ఇదే ఊళ్లో 2018లో ఫెరారీ 250 జీటీవోకి వచ్చిన 4,84,05,000 కూడా ఇదే సూత్రానికి లొంగుతుంది, నాలుగు కోట్ల నలభై లక్షలు తేలుతుంది. పాడినవాడి మనసులో తిరిగిన అంకె సుత్తి ధరే. అందుకే అవన్నీ గుండ్రంగా ఉంటాయి. ఈ వారం పోయిన కాలిఫోర్నియా స్పైడర్ ధర అప్పటి మన రూపాయల్లో సుమారు 143 కోట్లు.

కొన్నవాడి ఖర్చు అక్కడితో ఆగదు. కాలిఫోర్నియాలోనే ఉంచుకుంటే అమ్మకం పన్ను. లారీకెక్కించి వేరే రాష్ట్రానికి పంపితే ఇక్కడి పన్ను ఉండదు. విదేశం నుంచి తాత్కాలికంగా తెచ్చిన కార్ల పక్కన కేటలాగులో చిన్న గుర్తు ఉంటుంది. అమెరికాలో ఉంచుకోవాలంటే 2024లో ఇంకో 2.5 శాతం సుంకం కట్టాల్సి వచ్చేది.

ఒక నడివయసు జంట వేదిక పక్కన తాడు వెనక చేతులు పట్టుకుని నిలబడ్డారు. తమ కారు అమ్ముడుపోయాక ఆవిడ ఏడ్చింది. కొన్నవాళ్లెవరూ ఏడవలేదు, నాలుగు రోజుల్లో.

ఆగస్టు 18, ఆదివారం: పగిలిన రంగు

కాంకూర్ టికెట్టు 2024లో అయిదొందల డాలర్ల ప్రాంతంలో ఉంది. అంత పెట్టేవాళ్లు చీకటితోనే వెళ్లాలి. పొగమంచులో, గోల్ఫ్ కోర్సు 18వ ఫెయిర్‌వే గడ్డి మీదికి కార్లు హెడ్‌లైట్లతో వచ్చే ఆ అరగంటే టికెట్టు గిట్టుబాటు చేసేది. పది దాటితే మనుషుల వీపులు తప్ప ఏం కనపడవు. బూట్లు మంచుకి తడుస్తాయి, ఇంకో జత సాక్సులు జేబులో పెట్టుకోండి.

పొద్దున వరసలో 1934 బుగాటీ టైప్ 59 స్పోర్ట్స్ దగ్గర జనం పెద్దగా ఆగలేదు. నల్ల రంగు, పసుపు గీతలు. బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గర ఉన్న కారు. బానెట్ పట్టీల దగ్గర రంగు పొరలు లేచి, రేకు కనిపిస్తోంది. అంచుల దగ్గర దశాబ్దాల చేతుల నునుపు. పక్కన అద్దంలా మెరిసే కార్లుండగా దీని ముందు నిలబడినవాళ్లు శుక్రవారం గుడారంలో బోల్టుల తలలు చూసిన బాపతే. సాయంత్రం బెస్ట్ ఆఫ్ షో, అంటే మొత్తం పోటీలో మొదటి బహుమతి, దానికే వచ్చింది. మరమ్మతు చెయ్యకుండా కాపాడుకొచ్చిన కారుకి ఆ బహుమతి రావడం కాంకూర్ చరిత్రలో మొదటిసారి. 2020 సెప్టెంబరులో లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్‌లో గూడింగ్ పెట్టిన పాటలో ఇది 95,35,000 పౌండ్లకి పోయింది. ఆ ప్రివ్యూలోనూ రంగు ఇలాగే లేచి ఉంది. కొన్నాయన దాన్ని అలాగే వదిలేశాడు.

తిరుగు దారిలో 156 తప్పలేదు కాబట్టి క్యాస్ట్రోవిల్ తగిలింది. ఆర్టిచోక్ పంటకి పేరుబడ్డ ఊరు, రోడ్డు పక్కన దాని బొమ్మ ఇంటి ఎత్తున ఉంటుంది. లోపలి గుజ్జు ముక్కల్ని పిండిలో ముంచి నూనెలో వేయించి కాగితం గిన్నెలో ఇస్తారు, మయోనీజ్‌తో. మిరపకాయ బజ్జీకి అలవాటైన నాలుకకి చప్పగా ఉంటాయి. సంచి అడుగున కారప్పొడి పొట్లం ఇంకా ఉంది. వెనక బల్ల మీద కూర్చున్న డ్రైవరు, బయట ట్రైలర్లో ఎర్ర కారు వేసుకొచ్చినతను, రెండు వేళ్లతో కొంచెం అడిగి తీసుకున్నాడు.